అక్క దిద్దిన పెళ్ళికొడుకు

"ఈ పెళ్ళి ఫోటోల్లో ఉన్న మనిషి ఈయన కాదు," అంది వీసా అధికారిణి.

పక్క కుర్చీలో ఉన్న విదేశీయుడు నా మొగుడే. అతని వీసా గడువు ఇవాళ్టితో సరి. మా పెళ్ళి నిజమని ఈవిడ నమ్మితే ఉండిపోతాడు. లేకపోతే రేపు విమానం ఎక్కాలి.

ఫోటోలు చూశాను. సన్నటి ముక్కు, నున్నటి బుగ్గలు, బట్టతల మీద ఒత్తయిన జుట్టు. అంతా మా అక్క నిర్వాకం. ఫోటో స్టూడియో ఆవిడది. తన చెయ్యి పడందే ఏ ఫోటోనూ గడప దాటనివ్వదు. నేనేమో కవరు విప్పకుండానే దరఖాస్తుకి జతచేశాను.

"జుట్టు బాగుంది," అన్నాడు మా ఆయన, తొంగిచూసి.

"నువ్వు మాట్లాడకు," అని, ఫోటోలు మా అక్క దిద్దిందని అధికారిణికి చెప్పాను.

"అసలు ఫోటోలుంటే తెప్పించండి. ఐదింటికి మూసేస్తాం," అందావిడ.

అక్కకి ఫోన్ చేశాను.

"మరిదిని అందంగా చేయడం కూడా తప్పేనటే?"

"నీ అందం తగలెయ్య, మనిషిని గుర్తుపట్టట్లేదు. దిద్దనివి పట్టుకురా."

"అవి చూపిస్తే నా స్టూడియో పరువేం కాను?"

"అక్కా, రేపు ఇతను వెళ్ళిపోవాలి."

ఫోన్ పెట్టేసింది.

గార్డు షట్టర్ సగం దించాక, దాని కిందినుంచి వంగి దూరింది అక్క, చంకలో లాప్‌టాప్‌తో. "చూసి మర్చిపోండి మేడమ్," అంటూ తెరిచింది.

రిజిస్టరు మీద సంతకం పెడుతూ కళ్ళు మూసుకున్న పెళ్ళికొడుకు. నోటినిండా స్వీటుతో పెళ్ళికొడుకు. తర్వాతిదాంట్లో నేను అతని మొహంలోకి వేలు చూపించి తిడుతున్నాను.

అధికారిణి అక్కడ ఆగింది. "ఎందుకు తిడుతున్నారు?"

"ఉంగరాలు ఇంట్లో మర్చిపోయాడు."

"నేను కాదు. ఆమె సంచిలో పెట్టాను. సంచి ఆమె మర్చిపోయింది," అన్నాడతను.

"సంచిలో పెట్టానని చెప్పావా నువ్వు?"

"చెప్పాను. తలుపు దగ్గర."

"తలుపు దగ్గర నువ్వు చెప్పింది గొడుగు సంగతి."

"గొడుగు తర్వాత ఉంగరాలు. నువ్వు వినవు."

"నేను విననా? అక్కా, నువ్వు చెప్పు."

టప్‌మని ముద్ర పడింది.

"నిక్షేపంగా మొగుడూ పెళ్ళాలే," అంటూ కాగితాలు మా ముందుకు తోసిందావిడ. "మిగతాది ఇంటికెళ్ళి తేల్చుకోండి."

మెట్లు దిగుతూ కూడా అతను ఒప్పుకోలేదు. నేనూ తగ్గలేదు. రేపు విమానం లేదు కదా, తొందరేముంది.