చెయ్యి వెయ్యని రోజు

మా హమాలీ ముఠా పెద్ద శవం షావుకారు గోదాము పక్కన రోడ్డు మీద పడి ఉంది. "లారీ గుద్దేసి పోయిందయ్యా" అన్నాడు షావుకారు. ఎవరూ అడక్కముందే అన్నాడు. మాకు అక్కడే అనుమానం తగిలింది.

ఈ షావుకారు ఒకప్పుడు చిన్న కొట్టువాడు. మా హమాలీలను బావా, తమ్ముడూ అని వరసలు కలిపి పిలిచేవాడు. బరువెత్తుకునేవాడు కేకేస్తే పక్కనున్నవాడు, ఎవడైనా సరే, చెయ్యి వెయ్యాలి. అది మా కట్టుబాటు. ఇతను కొట్టు దిగొచ్చి మరీ చెయ్యి వేసేవాడు. మేం వెర్రిమొహాలం, పొంగిపోయాం. ఆ చేతిని చూసే ఓట్లేసి పట్టణానికి ఛైర్మన్‌ని చేశాం. తర్వాత గోదాములు లేచాయి. సరుకు లోపల దాక్కుంది, బజార్లో గింజ దొరకడం మానేసింది. బస్తాల దొంతర కప్పును తాకుతుంటే, "ఇంక వద్దు బాబూ, కూలుద్ది" అని మా ముఠా పెద్ద మొత్తుకుంటూనే ఉన్నాడు.

పెద్ద భార్య, మా వదిన, శవాన్ని తేరిపార చూసింది.

"ఆయన తలగుడ్డ ఏదీ?"

"గాలికెటో పోయుంటుంది చెల్లెమ్మా. ముందు కానివ్వాల్సింది కానివ్వండి" అన్నాడు షావుకారు.

"అంత తొందరేంటి బావా? గోదాము తియ్యి" అన్నాడు మా ముఠాలోని పొట్టోడు.

"తాళంచెవి గుమాస్తా దగ్గరుంది."

గుమాస్తా షావుకారు జేబు వంక చూశాడు. జనమంతా అటే చూశారు. ఇక తియ్యక తప్పలేదు.

లోపల దొంతర కూలి ఉంది. ఒక్కో బస్తా మేమే లాగాం. అడుగున నెత్తురుతో బిరుసెక్కిన తలగుడ్డ దొరికింది. వదిన దాన్ని గుండెకు హత్తుకుని అప్పుడు ఏడ్చింది.

పోలీసులొచ్చారు. షావుకారుని కాదు, గోదాము మీద దాడి చేశాడని పొట్టోణ్ణి ఈడ్చుకుపోయారు. ఆ పూట నుంచి మార్కెట్లో ఎవరూ బస్తా ముట్టలేదు.

దాచిన సరుకు మీద తనిఖీ ఉందని తెలిసి, తెల్లారగానే షావుకారు లారీ తెప్పించాడు. ఎత్తేవాడు లేడు. చివరికి తనే వంగి ఓ బస్తాను మోకాళ్ల దాకా లేపాడు.

"ఒరేయ్, చెయ్యి వెయ్యండ్రా! కట్టుబాటు మర్చిపోయారా?"

వదిన ముందుకొచ్చింది. ఎక్కడ జాలిపడుతుందోనని మేం భయపడ్డాం.

"మర్చిపోలేదు ఛైర్మన్ గారూ. మా పొట్టోణ్ణి వదిలించు. మా ఆయన ఎక్కడ చచ్చాడో స్టేషన్లో నీ నోటితో చెప్పు. అప్పుడడుగు."

బస్తా జారి అతని కాళ్ల మీద పడింది. మార్కెట్ నిండా జనం. ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు.