ఓడిపోయి వచ్చెయ్

ఆదివారం పొద్దున ఇడ్లీపిండి గిన్నెలోకి తీస్తున్న పరిమళ చేతులను చూసి అత్త మారెమ్మ మురిసిపోయింది. "ఇప్పుడు ఆడదాని చెయ్యి మాదిరి ఉండాది" అంది. వారం దినాలుగా బాక్సింగ్ పట్టీలు చుట్టని చేతులవి. పరిమళ వాటిని గబగబా కొళాయి కింద పెట్టి కడిగేసుకుంది.

ఎనిమిదో తరగతి నుంచీ ఆమెకు బాక్సింగే లోకం. హొసూరులో ఒక రేకుల షెడ్డులో అనంతకుమార్ సారు నేర్పిన విద్య. పెళ్ళయి పక్కనున్న మత్తిగిరికి వచ్చినాక కూడా నాలుగింటికి లేచి, అందరికీ వండిపెట్టి, ఫ్యాక్టరీ డ్యూటీకి ముందు ఒక గంట షెడ్డుకు పోయొచ్చేది. మొగుడు ముఖేశ్ ఒక్కనాడూ వద్దనలేదు. కొట్టలేదు, తిట్టలేదు. అందుకే ఎవరికీ ఏమీ చెప్పుకోలేకపోయింది. కృష్ణగిరిలో సెలక్షన్లకు ముందురోజు, తన చొక్కా ఇస్త్రీ చేస్తున్న ఆమె పక్కన నిలబడి మెత్తగా అన్నాడు: "గెలిస్తే నలభై దినాలు చెన్నైలో క్యాంపంట కదా. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. నాకు షిఫ్టులు. ఈ ఒక్కసారికి ఓడిపోయి వచ్చెయ్. ఎవరికి తెలుస్తాది?"

ఎవరికీ తెలియలేదు. మూడో రౌండులో, గడ్డానికి కాపలాగా ఉన్న ఎడమచెయ్యిని తనే దించింది. కృష్ణగిరి దగ్గరి పోచంపల్లి నుంచి వచ్చిన శక్తి, పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఆ సందులో కొట్టిన దెబ్బ నిజం. గెలిచి, ఏడుస్తూ వంగి తన కాళ్ళు మొక్కిందే, అదీ నిజం. దొంగ తనొక్కతే. తిరిగొచ్చే బస్సులో సారు "భుజం పట్టేసిందా అమ్మా? చెయ్యి లేవలేదే" అన్నాడు. "ఔను సార్" అంది. ఆయన తైలం సీసా తీసిచ్చినాడు. ఆయన చూస్తున్నాడని, ఏ నొప్పీ లేని భుజాన్ని హొసూరు దాకా రుద్దుకుంటూనే కూర్చుంది. ఇంట్లో ముఖేశ్ "నా బంగారం" అంటూ జిలేబీ నోట్లో పెట్టినాడు. మింగింది. మొగుళ్ళ చేత దెబ్బలు తిని డ్యూటీకి వచ్చే ఆడవాళ్ళను చూసి ఇన్నాళ్ళూ జాలిపడేది, ఎందుకు ఓర్చుకుంటారో అనుకునేది. తనను లొంగదీయడానికి దెబ్బ కూడా అక్కరలేకపోయింది. ఆ వారమంతా అద్దం ముందు తల వంచుకునే జడ వేసుకుంది.

ఇడ్లీలు ఉడుకుతుండగా వాకిట్లో ఎవరో పిలిచినారు. శక్తి. సంచి నిండా మామిడిపండ్లు. "అక్కా, క్యాంపులో అందరూ పెద్ద పెద్దోళ్ళంట. నాకేం భయం లేదు. పరిమళక్కనే గెలిచినాను కదా! మా అమ్మ సంతంతా చెప్పుకుని వచ్చింది."

"మా కోడలు ఇవన్నీ ఇడిసిపెట్టిందిలే తల్లీ" అంది మారెమ్మ.

పరిమళ గడప దాటి ఆ పిల్ల ఎదుటికి వచ్చింది. "శక్తీ, నువ్వు గెలవలేదు. నేనే చెయ్యి దించినాను. క్యాంపుకు పోకూడదని."

"పరిమళా!" టీవీ ముందు నుంచి ముఖేశ్ లేచినాడు.

శక్తి సంచి కింద పెట్టింది. "అంటే నాకు బిచ్చమేసినావా? నిన్నెవరు అడిగినారక్కా? నీ కాళ్ళు కూడా మొక్కినానే!" "రా. సారు ముందర ఆడు. ఇప్పుడే."

షెడ్డులో పరిమళ దాచకుండా అంతా చెప్పింది. సారు మొహం పక్కకు తిప్పుకునే ఆమె గ్లోవ్స్ కట్టినాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. మొదటి రౌండు పరిమళది. రెండోది ఎవరిదో చెప్పడం కష్టం. మూడోదాంట్లో ఆమె చెయ్యి దించలేదు, ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. అయినా శక్తి దెబ్బ లోపలికి దూరింది. పరిమళ ముక్కులోంచి రక్తం కారింది.

"ఇప్పుడు పోతాను క్యాంపుకు" అంది శక్తి, ఆయాసపడుతూ. కాళ్ళు మొక్కలేదు.

"రేపు ఐదింటికి" అన్నాడు సారు, గోడకేసి చూస్తూనే. పరిమళ తలూపింది. సిగ్గు పోలేదు. అది అంత తొందరగా పోయేది కాదని తెలిసింది.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ముఖేశ్ ఎదురొచ్చినాడు. "నలుగురిలో నా మానం తీసినావు. ఏమొచ్చింది దీంతో?"

"ఓడిపోయినాను" అంది పరిమళ, ముక్కు తుడుచుకుంటూ. "పోయినసారి ఓడించింది నువ్వు. ఈసారి శక్తి. రేపు ఐదింటికి షెడ్డులో ఉండాల. పొద్దున మీ అమ్మకు టీ నువ్వు పెట్టు."