ఎఫీ మరిచిపోయిన నూనె డబ్బా

ఎఫీ మెక్రిమన్ విమానం ఎంత బాగా నడిపేదో పత్రికలవాళ్ళు రాశారు. డబ్బా ఎంత బాగా మరిచిపోయేదో వాళ్ళకేం తెలుసు? అది చెప్పాల్సింది నేను.

మా టామరాక్ రేవులో సరస్సు గడ్డకట్టగానే విమానాలకు చక్రాలు ఊడదీసి మంచు మీద జారే స్కీ చెక్కలు తగిలిస్తారు. సాయంత్రం మంచు మీద దిగిన వెంటనే ఇంజనులోని నూనెను డబ్బాలోకి దించేయాలి. లేకపోతే తెల్లారేసరికి బంకలా బిగుసుకుపోతుంది. పొద్దున్నే దాన్ని పొయ్యి మీద వెచ్చచేసి మళ్ళీ పోస్తే గానీ ఇంజను కదలదు. పైలట్లందరికీ మాదే పూటకూళ్ళ ఇల్లు కాబట్టి ఆ వెచ్చచేసే పని నా నెత్తిన పడింది. ఒక పొయ్యి మీద గంజి, ఇంకో పొయ్యి మీద నూనె.

ఎఫీ కమ్మరి కూతురు. అమ్మమ్మ ఇచ్చిన పియానో అమ్మేసి విమానం నేర్చుకుంది. మా వైపు ఆడది విమానం నడపడం అదే మొదలు. బంగారం వెతుక్కునే పెద్దమనిషి ఒకడు మొదటిరోజు ఆమెను చూసి, "పైలట్ ఎప్పుడొస్తాడమ్మా?" అన్నాడు. "వచ్చేసింది, మూట ఎత్తు," అంది. ఉత్తరాలు, కుట్టుమిషన్లు, నెలలు నిండిన ఆడవాళ్ళు, ఒకసారి ఆవుదూడ, అన్నిటినీ క్షేమంగా చేర్చింది మహాతల్లి.

కానీ నూనె పోశాక డబ్బాను మంచు మీద బోర్లించి, దాన్ని అక్కడే వదిలేసి విమానం ఎక్కేసేది! నేను ఏప్రన్‌తోనే మంచు మీద పరుగు.

"ఎఫీ! నీ తలకాయ కూడా ఇక్కడే పెట్టి పోవే!"

"తలకాయే ఉంటే నీ గంజి తింటానా ఆయినో అక్కా!"

కంటికి కనబడుతుందని డబ్బా పిడికి ఎర్ర ఉన్నితో తొడుగు అల్లాను. అయినా మరిచిపోయేది.

పందొమ్మిది వందల ముప్పై ఆరు మార్చిలో ఉత్తరధ్రువ సముద్రం అంచుదాకా ఒంటరిగా వెళ్తానంది. అప్పటికి ఏ ఆడదీ వెళ్ళలేదు. ఆ పొద్దున మా ఆయన తోయివో కూడా ఒక డబ్బా తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. తడికట్టెలు అంటించడానికి కోతమిల్లు ఇంజనులోంచి తీసిన మడ్డి నూనె అది. నిండా రంపపుపొట్టు. రెండూ ఒకేలాంటి పందికొవ్వు డబ్బాలు, రెండింట్లోనూ నల్లటి నూనె. ఉతికి ఆరేసిన ఎర్ర తొడుగును కబుర్లలో పడి ఒక డబ్బాకు తొడిగి, అది ఎఫీకిచ్చాను. ఆమె పోసుకుంది. ఈసారి ఖాళీ డబ్బాను నేనే విమానంలోకి తోశాను.

"హమ్మయ్య, ఇవాళ నీకు పరుగు తప్పింది!" అని నవ్వి ఎగిరిపోయింది. ఆ నవ్వే ఆఖరు. ఎక్కడా దిగినట్టు కబురు లేదు.

విమానం కనుమరుగయ్యాక వంటింట్లోకి వచ్చి నిలబడిపోయాను. తొడుగు ఏ డబ్బాకు తొడిగాను? మిగిలినదాన్ని చూద్దామంటే తోయివో అప్పటికే కట్టెల మీద గుమ్మరించి అంటించేశాడు. "నల్లగానే ఉందే, చూడలేదు," అన్నాడు.

మూడు వారాలు వెతికారు. ఎవడితోనో లేచిపోయిందని ఒకడు, ఆడదానికి పటం చదవడం రాదని ఇంకొకడు. గరిటె పుచ్చుకుని ఇద్దరినీ వాకిట్లోకి తరిమాను. కానీ లోపల నా గుండె నన్నే తరిమేది. పొట్టు నూనె పడితే ఇంజను గంటలో పట్టేసి ఆగిపోతుంది. నేనే చంపానా ఆ పిల్లను? పదిహేడేళ్ళు, గంజి కలిపిన ప్రతి పొద్దునా అదే ప్రశ్న.

పోయిన వేసవిలో వేటగాడు జోసయ్య కీసిక్ చేపలు ఇవ్వడానికి వచ్చి, సంచిలోంచి తుప్పుపట్టిన డబ్బా తీశాడు.

"ఇది నీ అల్లికేనా అమ్మా? ఎలకలు సగం తినేశాయి."

పిడికి ఉన్ని. ఎరుపు వెలిసిపోయి తేనీరు రంగుకొచ్చింది. డబ్బా లాక్కున్నాను. "ఎక్కడిది?"

"ఇక్కడికి రెండొందల యాభై మైళ్ళు. మా బావమరిది వేటాడే సరస్సు ఒడ్డున. రాతిమీద బోర్లించి ఉంది. పక్కనే పొయ్యి రాళ్ళు, బూడిద."

"విమానం?"

"లేదమ్మా. చుట్టూ గాలించాం. నీళ్ళలోకీ చూశాం. ఏమీ లేదు."

డబ్బాలోకి వేలు పెట్టాను. అడుగున జిగట ఇంకా ఉంది. రెండు వేళ్ళ మధ్య రాశాను. నున్నగా ఉంది. మళ్ళీ రాశాను. తోయివో కూడా రాసి చూసి, "పొట్టు లేదే," అన్నాడు. నమ్మలేక ఇంకోసారి డబ్బా అడుగంతా వేలితో తడిమాడు. ఇన్నేళ్ళూ అతనూ మోశాడన్నమాట, పిచ్చి మానవుడు.

నేనిచ్చింది మంచి నూనే. ఆ నూనెతోనే రెండొందల యాభై మైళ్ళు పోయింది. దిగి, నూనె దించి, పొద్దున్నే పొయ్యి రాజేసి వెచ్చచేసి, మళ్ళీ పోసుకుని ఎగిరింది. ఎగిరి... నేను వాకిట్లోకి పరుగెత్తి ఉత్తరం వైపు తిరిగి అరిచాను.

"మళ్ళీ మరిచిపోయావటే, తింగరిదానా!"

నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. జోసయ్య పగలబడి నవ్వాడు. అతనికి బ్లూబెర్రీ పళ్ళ తీపిరొట్టె మొత్తం పెట్టేశాను.

అక్కణ్ణుంచి ఎటు పోయిందో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. డబ్బా పొయ్యి పక్కన వేలాడుతోంది. ఎవరిదని కుర్ర పైలట్లు అడిగితే, "ఎఫీది. వస్తే ఇవ్వాలి," అంటాను. ఇప్పుడు దానికి కొత్త తొడుగు అల్లుతున్నాను. ఈసారి పసుపుపచ్చది. ఎర్రది ఆ పిల్ల కంటికి ఆనలేదు కదా.