బంతి రాని వైపు

ముప్పై ఏడో నిమిషం దగ్గర ఏసురత్నం తెరమీది ఆటను ఆపి, పది సెకన్లు వెనక్కి జరిపి మళ్ళీ నడిపించాడు. ఎదుటి జట్టు కుర్రాడొకడు కుడి అంచున బంతి అందుకుని తలెత్తి చూశాడు. ముందంతా పచ్చిక ఖాళీగానే ఉంది. అయినా వాడు ముందుకు పోలేదు. ఒక్క క్షణం తటపటాయించి, బంతిని వెనక్కి తన్నేశాడు. ఏసురత్నం మీట నొక్కి ఆ క్షణానికి పడ్డ గుర్తులు తెరిచాడు. బంతి వెనక్కిచ్చిన ఆ కుర్రాడి పేరు పక్కన ఒక గుర్తు పడి ఉంది. ఇటువైపు పదిహేను గజాల దూరంలో, రెండు చేతులూ నడుముకు కాస్త ఎడంగా పెట్టుకుని నిలబడ్డ మూడో నంబరు పేరు పక్కన ఏ గుర్తూ పడలేదు.

కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టిగా, ఛాతీ వెడల్పుగా ఉంటాడు. మోకాళ్ళు కాస్త బయటికి వంగి ఉంటాయి. తొమ్మిదేళ్ళుగా మీటలు నొక్కి నొక్కి కుడిచేతి చూపుడువేలి కణుపు వాచి, అలాగే గట్టిపడిపోయింది. ఏసీ గాలి సరిగ్గా మెడమీదికే కొడుతుంది కాబట్టి మే నెలలోనూ చేతుల్లేని స్వెట్టరు వేసుకునే కూర్చుంటాడు. ఇప్పుడు నవంబరు. మఫ్లరు కూడా ఉంది. ఆ అంతస్తులో ఉన్న ఎనభైమందిలో మఫ్లరు ఉన్నది ఆయన ఒక్కడికే.

ఎక్కడెక్కడి దేశాల్లోనో జరిగిన ఫుట్‌బాల్ ఆటలు వీడియోలుగా కొత్తగూడ చౌరస్తా దగ్గరున్న ఈ ఆఫీసుకు వస్తాయి. ఎవరు ఎవరికి బంతి ఇచ్చారో, ఎవరు లాక్కున్నారో, ఎక్కడ పోగొట్టుకున్నారో మనుషులే చూసి గుర్తు పెట్టాలి. ఆ గుర్తులన్నీ కలిపి కంప్యూటరు ఒక్కో ఆటగాడికి వందకు ఇన్ని అని మార్కులేస్తుంది. వంద అంటే ఆ స్థానంలో ఆడేవాళ్ళలో ప్రపంచంలోకెల్లా మేటి అని. ఆ మార్కులు సరిగ్గా ఉన్నాయో లేదో ఆటతో పోల్చి చూసి, చివర తన పొడి అక్షరాలు పెట్టడం ఏసురత్నం పని.

ఈ వారం వచ్చింది చలిదేశంలో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరి క్లబ్బు. రెండో శ్రేణిలో ఆడుతుంది. దాన్ని కొత్తగా కొన్నవాళ్ళు తమ ఇరవై ముగ్గురు ఆటగాళ్ళూ ప్రపంచపు మేటివాళ్ళకు ఎంత దూరంలో ఉన్నారో తేల్చమన్నారు. గోల్‌కీపరుకు నలభై ఒకటి వచ్చింది. ముందు ఆడే పొడుగాటి కుర్రాడికి యాభై రెండు. అంతకుమించి ఎవరికీ రాలేదు. ముప్పైలోపు వచ్చినవాళ్ళ పేర్లు కంప్యూటరు ఎర్రగా చూపిస్తుంది. ఎర్రపేర్లకు వచ్చే ఏడు జట్టులో చోటుండదు. ఎర్రపేర్లు ఆరు. అన్నిటికన్నా కింద, పంతొమ్మిది మార్కులతో, ముప్పై నాలుగేళ్ళ మూడో నంబరు. ఎడమవైపు వెనక కాపలా ఆడేవాడు.

మిగిలిన ఇరవై రెండు పేర్లకూ ఏసురత్నం నిన్ననే అక్షరాలు పెట్టేశాడు. ఈ ఒక్కటి మిగిలింది. పొద్దున్న మూసాపేటలో మెట్రో ఎక్కినప్పటినుంచీ ఆ నిలబడ్డ తీరే కళ్ళలో ఆడుతోంది.

పక్క తెరమీద ప్రపంచంలోకెల్లా మేటి అనిపించుకున్న ఎడమ కాపలావాడి ఆట పెట్టుకుని రెండూ కలిపి చూశాడు. ఆ మేటివాడు గాలిలా ఉరికి, బంతి లాక్కుని, అటు చివరిదాకా మోసుకుపోతున్నాడు. చూడముచ్చటగా ఉంది. మూడో నంబరు అలాంటిదేమీ చేయడం లేదు. అతను నాలుగడుగులు ముందే జరిగి నిలబడుతున్నాడు. నిలబడగానే ఎదుటివాడు మనసు మార్చుకుంటున్నాడు.

పన్నెండు గంటలకల్లా పదమూడు ఆటల్లోనూ ఆ వైపు ముక్కలే ఏరి చూసి కాగితంమీద లెక్క రాసుకున్నాడు. మూడో నంబరు ఆడిన పదకొండు ఆటల్లో ఎదుటివాళ్ళు ఆ వైపునుంచి ఆటకు నాలుగైదుసార్లకు మించి రాలేదు. దెబ్బ తగిలి అతను ఆడని రెండు ఆటల్లో ఒకదాంట్లో పద్నాలుగుసార్లు, ఒకదాంట్లో పదిహేడుసార్లు వచ్చారు. గోల్స్ కూడా అటునుంచే పడ్డాయి.

ఏసురత్నానికి ఇలాంటి ఆట ఇంతకుముందు ఒక్క మనిషి దగ్గరే కనిపించింది.

అప్పుడు ఆయనకు ఇరవై రెండేళ్ళు. గుంటూరు వైపునుంచి వచ్చిన తండ్రి మూసాపేటలో వెల్డింగు పని చేసేవాడు. ఆ పక్కనే ఉన్న ఒక ఫ్యాక్టరీకి ఫుట్‌బాల్ జట్టుండేది. జట్టులో చోటు నిలబెట్టుకుంటే ఫ్యాక్టరీలో ఉద్యోగం పర్మినెంటు. ఏసురత్నం రెండేళ్ళు ఆ జట్టు పక్కన బెంచీమీదే కూర్చున్నాడు. ఎడమవైపు కాపలా ఆడేది కొమురయ్య. జనగామ దగ్గర పల్లెనుంచి వచ్చినవాడు, నాలుగేళ్ళు పెద్ద. కొమురయ్య కాలికి బంతి తగిలేదే తక్కువ. చొక్కా కూడా మాసేది కాదు. రెండేళ్ళు బెంచీమీద కూర్చుని ఏసురత్నం నేర్చుకున్నది ఒక్కటే, కొమురయ్య ఉన్నవైపు ఎవరూ రారు.

ఆ ఏడు పర్మినెంటు చేయాల్సిన ముగ్గుర్ని ఎంపిక చేసే పని స్పోర్ట్స్ ఆఫీసరు యజ్ఞనారాయణగారి మీద పడింది. ఆయన నోటుబుక్కు పెట్టుకుని ఎవరు ఎన్నిసార్లు బంతి ముట్టారో గీతలు గీసేవాడు. ఒకనాటి సాయంత్రం గేటుదాకా నడుస్తూ అడిగాడు. "ఆ కొమురయ్య ఆటలో కనిపించనే కనిపించడు. రెండేళ్ళనుంచి పక్కన కూర్చుని చూస్తున్నావుగా, నీకేమనిపిస్తోందయ్యా?"

ఇంట్లో తండ్రికి పని పోయి ఆర్నెల్లయింది. కొమురయ్య పోతే ఆ చోటు తనదేనని తెలుసు.

"మీకు తెలియందేముందండి," అన్నాడు ఏసురత్నం.

అంతే అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. పది రోజుల తర్వాత, ఆ ముగ్గురిలో పేరు లేక కొమురయ్య సామాను సర్దుకుని పోయాడు. ఆ చోటు ఏసురత్నానికి వచ్చింది. ఆ చలికాలమంతా ఎడమవైపునుంచి గోల్స్ పడుతూనే ఉన్నాయి. పన్నెండేళ్ళకు ఫ్యాక్టరీ మూతపడింది. తర్వాత పదిహేనేళ్ళు ఒక బడిలో డ్రిల్లు మాస్టరు. బడివాళ్ళు మైదానంలో కొత్త బిల్డింగు కట్టేశాక డ్రిల్లు మాస్టరుతో పని లేకపోయింది. అప్పుడు రాకేష్ అనే పాత విద్యార్థి ఈ ఆఫీసులో పెట్టించాడు.

కొమురయ్యను మళ్ళీ చూసింది ఒక్కసారే, ఆరేళ్ళ కిందట. నార్సింగిలో చర్చివాళ్ళ అబ్బాయి స్టీఫెన్ కొత్త ఫ్లాటులో ప్రార్థనకు వెళితే, గేటు తెరిచిన వాచ్‌మెన్ కొమురయ్యే. "రత్నం, మంచిగున్నవా?" అని చెయ్యి పట్టుకున్నాడు. గదిలోంచి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. వెళ్ళేటప్పుడు మాత్రం, "ఆట బందువెట్టినవా?" అని నవ్వుతూ అడిగాడు. "ఎప్పుడో," అన్నాడు ఏసురత్నం. రోజూ ఫుట్‌బాల్ చూడటమే తన ఉద్యోగమని కూడా చెప్పలేకపోయాడు. ఆ తర్వాత అటువైపు పోలేదు.

ఒంటిగంటకు భార్య గ్రేస్ ఫోన్ చేసింది. కూకట్‌పల్లిలో ఒక నర్సింగ్ హోములో ఆమె నర్సు.

"మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నా. గ్రేసూ, నార్సింగిలో కొమురయ్య గుర్తున్నాడా?"

"స్టీఫెన్ వాళ్ళ గేటు దగ్గరాయనేగా. మీరు ఎప్పుడూ ఆయన పేరెత్తరు. ఏమైందండీ?"

"ఏం లేదు. సాయంత్రం ఓసారి వెళ్ళొద్దామని."

"వెళ్ళిరండి. మఫ్లరు తియ్యకండి," అంది గ్రేస్.

మూడింటికి టీమ్ లీడ్ ప్రవీణ కుర్చీ దగ్గరికి వచ్చింది. ముప్పై ఏళ్ళు నిండని పిల్ల, సిద్దిపేటది. పని ఒత్తిడిలో ఆఫీసు ఇంగ్లీషు జారిపోయి ఇంటి మాట వస్తుంది.

"ఏంది సార్, ఒక్క పేరే ఆగింది. ఐదింటికి పంపాలె."

ఏసురత్నం కాగితం చూపించాడు. నాలుగులు, ఐదులు, పద్నాలుగు, పదిహేడు. ఆమె నిలబడే చదివింది. తర్వాత పక్క కుర్చీ లాక్కుని కూర్చుని మళ్ళీ చదివింది.

"నిజమే సార్. కానీ దీనికి కాలమ్ లేదు. ఏం చేసిండో దానికే మార్కులు. కాకుండ ఆపినదానికి ఎట్లేస్తం?"

"మార్కులు మార్చమనడం లేదమ్మా. ఈ పంతొమ్మిది కింద నా అక్షరాలు పెట్టలేను."

ప్రవీణ ఆయన ముఖంలోకి చూసింది. తొమ్మిదేళ్ళలో ఈ మనిషి ఏ పనికీ కాదనలేదు. సెలవు ఇవ్వకపోతే మళ్ళీ అడగలేదు. కుర్చీ మారిస్తే ఎందుకని అనలేదు.

"మీరు పెట్టకుంటే ఇంకొకరితోటి పెట్టిస్తరు సార్. మీ మీద రిమార్క్ వస్తది. వచ్చే నెల మనుషుల్ని తగ్గిస్తరంటున్నరు, తెల్సు గద."

"తెలుసు."

ఆమె పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది. "ఒక పని చేద్దాం," అంది. "మీరు అనుకున్నది ఒక పేజీ రాయండి. రిపోర్టు వెనక పెడత. అడిగితే నేనే పెట్టమన్న అని చెప్త. అప్పుడు సంతకం చేస్తరా?"

"చేస్తాను."

ఇంగ్లీషులో మీటల పేర్లు వచ్చుగానీ ఇంత సంగతి రాయడం రాదు. తెలుగులోనే రాశాడు. అక్షరాలు పెద్దవిగా, బడిపిల్లలకు బోర్డుమీద రాసినట్టు ఉన్నాయి. ప్రవీణ పక్కన కూర్చుని వాక్యం వాక్యం చదువుకుంటూ ఇంగ్లీషులోకి కొట్టింది.

'అయ్యా, ఇతను ప్రపంచంలో మేటివాడు కాడు. అంత వేగం లేదు, బంతి నేర్పూ లేదు. అయితే ఇతను ఉన్నవైపు ఎవరూ రారు. ఎందుకు రారో వాళ్ళకు కూడా తెలియదు. ఇతను లేని రెండు ఆటలూ ఒకసారి చూడండి. చూశాక మీ ఇష్టం.'

"ఇంతేనా సార్?"

"ఇంతేనమ్మా."

"మీరు కూడ ఇదే ఆడేటోళ్ళా?"

"నేను బెంచీమీద కూర్చునేవాణ్ని," అన్నాడు ఏసురత్నం.

ఐదుకు ఆరు నిమిషాలుండగా పేరు పక్కన ఏ.ఆర్. అని పెట్టాడు. ప్రవీణ అన్నీ కలిపి పంపేసింది. "చదువుతరో లేదో సార్," అంది లేస్తూ. ఆయన తలూపాడు.

కొత్తగూడలో బస్సెక్కి, గచ్చిబౌలిలో మారి, నార్సింగిలో దిగేసరికి వీధిదీపాలు వెలిగాయి. దారిపొడవునా ఏం మాట్లాడాలో కూర్చుకున్నాడు. కొమురన్నా, ఆవేళ యజ్ఞనారాయణగారు నన్నడిగారు. అక్కడినుంచి మాట ముందుకు పోవడం లేదు. అరడజను అరటిపళ్ళు కొన్నాడు.

గేటు దగ్గర నీలం యూనిఫారంలో కొత్త మనిషెవరో ఉన్నాడు. కొమురయ్య ఉన్నాడా అని అడిగితే చేత్తో మెట్ల కింది గది చూపించాడు. గది ముందు ఒకామె నేలమీద కూర్చుని సామాన్లు బస్తాలో సర్దుతోంది. పలచటి మనిషి, బొట్టు లేదు. ఆమె కొమురయ్య భార్య చంద్రమ్మ.

"కొమురయ్య కోసం వచ్చానమ్మా."

ఆమె చేతులు ఆగాయి. "బతుకమ్మ పండుగ ముంగట పోయిండు సార్. పొద్దుగాల లేపితే లేవలే. గుండె ఆగిందన్నరు. నెలాఖరుదాక ఉండుమన్నరు, ఇగ రేపు ఊరికి పోతున్న." కొంగుతో మెట్టు తుడిచి కూర్చోమంది. "మీరెవరు?"

ఏసురత్నం కూర్చున్నాడు. అరటిపళ్ళ సంచి ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

"ఏసురత్నం అంటారమ్మా. ఒకప్పుడు ఫ్యాక్టరీ జట్టులో ఇద్దరం ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం."

"ఫుట్‌బాలా? ఆయిననా?"

"చెప్పలేదా?"

"ఇరవై ఎనిమిదేండ్ల కాపురం సార్. ఒక్కనాడు చెప్పలే."

అప్పుడు ఏసురత్నం చెప్పాడు. కొమురయ్య ఎలా నిలబడేవాడో, చొక్కా ఎందుకు మాసేది కాదో చెప్పాడు. గేటుదాకా నడవడం, యజ్ఞనారాయణగారు అడగడం, తాను అన్న మాట, ఆ మాట అన్న తర్వాత ఆ రాత్రి ఇంట్లో అన్నం తిన్న సంగతి కూడా చెప్పాడు. గొంతు ఎక్కడా పెంచలేదు. చంద్రమ్మ బస్తా మూతి పట్టుకుని చివరిదాకా విన్నది.

"ఈడ గూడ గంతే సార్," అంది. "పదేండ్లల్ల ఒక్క దొంగతనం కాలె. గందుకే, ఈయన ఏం పని చేస్తుండని కమిటీవోళ్ళు అడుగుతుండిరి." తర్వాత బస్తావైపు చూస్తూ అడిగింది. "మీరు ఆనాడు మంచిగ చెప్తే ఏమైతుండె?"

"పర్మినెంటు అయ్యేవాడమ్మా. పన్నెండేళ్ళకు ఆ ఫ్యాక్టరీ మూతపడింది."

"అయితే ఎట్లనన్న గీ గేటు కాడికే వస్తుండె," అంది ఆమె, ఓదార్పుగానే.

ఏసురత్నం తల అడ్డంగా ఊపాడు. "కాదమ్మా. ఆ పన్నెండేళ్ళు ఆడుకునేవాడు."

చంద్రమ్మ పళ్ళసంచి అందుకుని గది లోపల పెట్టివచ్చింది. వెళ్ళొస్తానని ఆయన లేచాడు. గేటు దగ్గర కొత్త మనిషి వీధివైపు తిరిగి స్టూలుమీద కూర్చున్నాడు. అతనికి నాలుగు గజాల ఇవతల, ఎవరో ఫ్లాటువాళ్ళు పారేసిన ఆఫీసు కుర్చీ ఒకటి ఉంది. చక్రాలు ఊడిపోతే కింద ఇటుకలు పేర్చారు.

"ఆయినదే," అంది చంద్రమ్మ. "రేపు తీసేస్తరేమో."

సీటుమీద గోనెసంచి నాలుగు మడతలు వేసి ఉంది, నడుమ మనిషి కూర్చున్నంత మేర అణిగి ఉంది. కుర్చీ గేటువైపు తిరిగి లేదు. ట్రాన్స్‌ఫార్మరు పక్కన ప్రహరీగోడ రెండు ఇటుక వరసలు తగ్గి, ఎవరైనా ఎక్కి దూకడానికి వీలున్న మూలవైపు తిరిగి ఉంది.