ఇరవై ఒక్క ఇంగ్లీషు ముక్కలు

దండెం మీది మాస్కు ఇంకా తడారలేదు. కిష్టవ్వ దాన్ని రెండుసార్లు దులిపి, తడితోనే ముక్కుకు కట్టుకుంది. ఫిబ్రవరిలో ఇచ్చిన మాస్కు అది. ఇప్పుడు మే నెల, కరోనా రెండో విడత. చెవి దారాలు తెగితే లంగాబొందె ముక్కలు కట్టింది. ఉతికి వాడకూడదని చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు. ఇంకొకటి ఇస్తామన్నవాళ్లు మాత్రం లేరు.

నలభై తొమ్మిదేళ్ల మనిషి. బక్క ఒళ్లు, పగిలిన మడమలు, ముందు పన్ను ఒకటి లేదు. ఏడో తరగతి చదివింది. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. మంథని దాటాక గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో పద్నాలుగేళ్లుగా ఆశా కార్యకర్త. ఊరు ఆమెను ఆశమ్మ అంటుంది. కాన్పు నొప్పులొస్తే ఆమె కావాలి, సూది మందు తారీఖు మరిచిపోతే ఆమె కావాలి. పెళ్లి పిలుపులప్పుడు మాత్రం ఆమె గుమ్మం ఎవరికీ కనబడదు.

రోగం వచ్చినవాళ్లు వేరే చోట, వేరే కంచంతో పద్నాలుగు రోజులు ఉండాలి. ఊరికి ఈ సంగతి ఎక్కించడానికి కిష్టవ్వ వాడిన మాట ఒక్కటే. "ముట్టయిందనుకోండ్రి. మూడు దినాలు కాదు, పద్నాలుగు దినాలు దూరం కూసోండ్రి."

ఆ ఆచారమంటే ఆమెకు ఒళ్లు మంట. పన్నెండో ఏట పశువుల కొట్టంలో గోనెసంచి మీద కూర్చుని, పైనుంచి పోసిన నీళ్లు దోసిట పట్టి తాగింది. ఆ రోజుల్లో చెంబును చేతికే ఇచ్చిన మనిషి ఊరంతటికీ ఒక్క యాదవ్వే. అయినా ఏం చేస్తుంది, ఊరికి తెలిసిన దూరం అదొక్కటే. ఆ మాట చెవినపడగానే ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్లు కంచం, చెంబు, చాప వేరు చేసేశారు. ఎవరూ మారు అడగలేదు.

మగవాళ్లకు మాత్రం ఎక్కడో కాలింది. యాదవ్వ కొడుకు హనుమండ్లు వార్డు మెంబరు. పంచాయతీలో కుర్చీ వెతుక్కోవడం తప్ప ఇంకో పని చేసి ఎరగడు. మగాళ్లకు ముట్టు అంటగడుతోందని ఆశమ్మ మీద మండలానికి ఫోన్ కొట్టాడు. రోగం గురించి ఏనాడూ ఫోన్ చేయని మనిషి పౌరుషం గురించి చేశాడు.

దాంతో ఆ రోజు మండలంలో శిక్షణ పెట్టారు. ముప్పై మంది పట్టే గదిలో అరవై మంది ఆశాలను కూర్చోబెట్టారు. శిక్షణ ఇవ్వడానికి కరీంనగర్ నుంచి వచ్చిన ఓంప్రకాశ్ ముఖానికి అద్దం లాంటి డాలు తగిలించుకుని, ఫ్యాన్ కింద ఒక్కడే నిలబడి, 'సోషల్ డిస్టెన్సింగ్' అన్నాడు. మోకాలికి మోకాలు తగులుతున్న అరవై మందీ దాన్ని మూడుసార్లు పలికారు. తర్వాత ఐసొలేషన్. తర్వాత క్వారంటైన్, కాంటాక్ట్ హిస్టరీ, అసింప్టమాటిక్. మొత్తం ఇరవై ఒక్క ముక్కలు అచ్చువేసిన అట్టలు పంచారు. మాస్కులు పంచుతారేమోనని కిష్టవ్వ కాసేపు చూసింది. అట్ట తిప్పి, వెనకవైపు పెన్నుతో 'దూరం' అని రాసుకుంది. ఆమెకు తెలిసినంతలో ఆ ఇరవై ఒక్కటీ చెప్పేది ఆ ఒక్క మాటే.

"ఇకనుంచి ఊళ్లలో ఈ పదాలే వాడాలి. ముట్టు, మైల అని వినిపిస్తే ఊరుకోం," అన్నాడు ఓంప్రకాశ్. "ఈ రోజే ఒక్కొక్కరు ఒక పేషెంటు పక్కన నిలబడి వీడియో తీసి పంపండి. మాస్కు దించి చెప్పాలి. పెదాలు కనబడకపోతే ఉచ్చారణ ఎట్లా చూస్తాం?"

"పేషెంటు కాడ మాస్కు దించుడెట్ల సారూ?" అంది కిష్టవ్వ.

"రెండు నిమిషాలకు ఏం కాదమ్మా."

ఆ ఇరవై ఒక్క ముక్కల్లో ఆ సంగతి ఎక్కడ రాసుందో ఆ మహానుభావుడికే తెలియాలి.

మధ్యాహ్నం బస్సు దిగేసరికి ఫోనుకు పేరు వచ్చింది. హనుమండ్లుకు పాజిటివ్. కిష్టవ్వకు హనుమండ్లు మీద బెంగ లేదు. యాదవ్వ మీదే బెంగంతా. డెబ్బై దాటిన మనిషి, చక్కెర, ఆయాసం. కొడుకేమో ఇప్పటికీ తల్లి కంచంలోనే చెయ్యి పెట్టి తింటాడు. ఆ ముసలి ప్రాణానికి ఈ రోగం అంటితే నిలవదని కిష్టవ్వకు తెలుసు. కాళ్లు కాలుతున్నా పరుగున వెళ్లింది.

"పాజిటివ్ అంటే మంచిదే గద," అన్నాడు హనుమండ్లు అరుగు మీద కాలు మీద కాలేసుకుని. "టీవీల దినాం చెప్తుండ్రు, పాజిటివ్‌గ ఉండాల్నని. నాకు ఫికరేంది?"

ముందు వీడియో పని తెగితే తర్వాత అసలు మాట చెప్పొచ్చనుకుంది కిష్టవ్వ. ఫోనును బిందెకు ఆనించి, మాస్కు దించి నిలబడింది. ఫోటోకు ఫోజివ్వడమంటే హనుమండ్లుకు పెళ్లితో సమానం. వచ్చి ఆమె భుజానికి భుజం ఆనించాడు. మొదటిసారి 'అసింప్టమాటిక్' దగ్గర ఆమె నాలుక మడతపడింది. వాడు పగలబడి నవ్వి, ఆ నవ్వులోనే ఆమె ముఖం మీద దగ్గాడు. రెండోసారీ అంతే అయింది. మూడోసారి మాట సరిగ్గా వచ్చింది. హనుమండ్లు చేతులు దులుపుకుని అన్నానికి లోపలికి పోయాడు.

కిష్టవ్వ మాస్కు పైకి లాక్కుని గడపలో నిలబడింది. వాడి చెయ్యి తల్లి కంచం మీదికి పోతోంది.

"పెద్దవ్వా, నీ కొడుకు ముట్టయిండు. పద్నాలుగు దినాలు."

యాదవ్వ కంచాన్ని చటుక్కున ఒళ్లోకి లాక్కుంది. "ఎన్నడైండే?"

"ఇయ్యాల్నే."

"మరి ఇంట్లకెందుకొచ్చినవురా? లే. కొట్టంల కూసో, నీ చెంబు ఆడికే వస్తది."

"అవ్వా, నేను మగోణ్ణి..."

"ముట్టుకు మగోడేంది, ఆడిదేంది. లే."

వార్డు మెంబరు లేచాడు. పశువుల కొట్టంలో గోనెసంచి పరిచి ఉంది. ఇంటికి నడుస్తూ కిష్టవ్వ చాలా కాలానికి మనసారా నవ్వుకుంది. వీడియో పంపేసింది. ఇంగ్లీషు ముక్కల అట్ట అరుగు మీదే మరిచిపోయింది.

నాలుగో రోజు ఆమెకు జ్వరం వచ్చింది. తొమ్మిదో రోజు కరీంనగర్ తీసుకెళ్లారు. ఊపిరి అందక మంచం కమ్మి పట్టుకుని కూర్చున్న పూట, ఆమె వీడియో కింద ఓంప్రకాశ్ బొటనవేలు బొమ్మ పెట్టి, 'ఉచ్చారణ బాగుంది' అని రాశాడు. పన్నెండో రోజు తెల్లవారేసరికి కిష్టవ్వ పోయింది. ఆమె చావు కాగితంలో కాంటాక్ట్ హిస్టరీ దగ్గర 'తెలియదు' అని నింపారు. ఎవరి పక్కన, మాస్కు దించి, ఏ రోజు నిలబడిందో ఆమె పంపిన వీడియోలో, మండలం వాళ్ల ఫోన్లలోనే ఉంది.

హనుమండ్లు పద్నాలుగో రోజు కొట్టంలోంచి లేచి వచ్చాడు. పాజిటివ్‌గా ఉండబట్టే బతికానని పంచాయతీలో ఇప్పటికీ చెబుతుంటాడు. సిగ్గు అమ్మితే కొనుక్కునేంత తెలివి కూడా లేదు వాడికి.

యాదవ్వకు తుమ్ము కూడా రాలేదు. కిష్టవ్వ మాట తలుచుకుని ఆ వారమంతా ఏడ్చింది. తర్వాత మామిడికాయ తొక్కు పెట్టింది. జాడీకి మూత దొరక్క, అరుగు మీది అట్టను తెచ్చి కప్పింది. చదువురాని మనిషి, ఏ వైపు పైకుందో చూడలేదు. ఇంగ్లీషు ముక్కలు లోపలివైపు నూనె ఆవిరికి నానుతున్నాయి. పైవైపు పెన్నుతో రాసిన 'దూరం' మీద గోదారి గులకరాయి ఒకటి బరువుగా కూర్చుని ఉంది.