పైలమన్న కేక

తడిగుడ్డతో పిచింగ్ వెడ్జ్ అనే గోల్ఫ్ కర్ర మూతి తుడుస్తూ రాజలింగం మళ్లీ గొంతు సవరించుకున్నాడు. లోపల గరగరమని ఏదో కదిలింది గానీ మాట రాలేదు. దీపావళి పోయినప్పటి నుంచీ ఇదే వరస. పొద్దున చాయ్ తాగాక కాస్త పలికేది, ఎండెక్కేసరికి అణగిపోయేది. ఇవాళ పొద్దున్నే అణగిపోయింది. దవాఖానకు పోతే ఏ రోగం పేరు చెబుతారోనని అతనికి వణుకు. కామాటిపురలో వాళ్లుండే ఇరుకు గదుల చాల్‌లోనే, పక్క గదిలో ఒకడు గొంతు ఇలాగే పోయి, ఆ వెనకాలే తనూ పోయాడు. పేరు వినకపోతే రోగం లేనట్టేనని అనుకున్నాడు పిచ్చి మారాజు.

సాబుల కర్రల సంచి మోసే కేడీకి కాళ్లూ కళ్లూ ఉంటే చాలంటారు గోల్ఫ్ క్లబ్బులో. ఉత్త మాట. గొంతు కావాలి. సాబులు బంతి కొట్టే పచ్చిక మీదే ఆడవాళ్లు కూర్చుని కలుపు పీకుతుంటారు. పెద్ద కర్రతో కొడితే ఫట్‌మని వినబడుతుంది, తల తప్పించుకోవచ్చు. ఈ వెడ్జ్ ఉందే, ఇది దొంగది. దీని బంతి చప్పుడు లేకుండా పైకి లేచి, ఎండలో కలిసిపోయి, నిట్టనిలువుగా నెత్తిన దిగుతుంది. అందుకే సంచిలోంచి దీన్ని తీయగానే కేడీ "పైలం!" అని కేకెయ్యాలి. జాగ్రత్త అని. ఆ కేక వినగానే ఆడవాళ్లు కలుపు వేసుకునే ఇనుప గమేలాలు నెత్తిన బోర్లించుకుంటారు. వాళ్ల తాతలు తెలుగునేల నుంచి ముంబయికి కూలికొచ్చి ఇటుకలు మోసింది అలాంటి గమేలాలతోనే. కామాటోళ్లకు కాక ఈ ఉపాయం ఇంకెవరికి తోస్తుంది!

ఆ ఆడవాళ్లలో రాజలింగం భార్య రత్నాబాయి ఒకతె. పొద్దున బస్సులో కూడా అడిగింది, "ఏమయ్యా, నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నవా? మాట్లాడవేంది?" అని. సర్దీ చేసిందని ముక్కు చూపి సైగ చేశాడు. గొంతు లేని కేడీని మేస్త్రీ ఒక్కపూట ఉంచడు. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి కూడా భయమే.

ఇవాళ అతనికి దక్కింది బట్టతల సాబు. ఆయన వెడ్జ్ పట్టాడంటే గంటెతో పాయసం తోడినట్టు బంతిని ఎత్తబోతాడు. అది సగం దూరమైనా పోకుండా చతికిలబడుతుంది. ఆయన్ని చూస్తే ఆడవాళ్లు గమేలా కూడా ముట్టుకోరు. ఈ పూటకు గండం గడిచిందనుకున్నాడు రాజలింగం.

"ఎందుకు లేవదయ్యా ఇది?" అని సాబు విసుక్కున్నాడు.

గొంతు లేనివాడికి సాబు మెప్పయినా ఉండాలి కదా. రాజలింగం బంతిని సాబు రెండు పాదాల నడుమకు జరిపాడు. బరువు ఎడమకాలి మీద ఉంచమని మోకాలు తట్టాడు. చేతుల్ని బంతికి కాస్త ముందుకు తెచ్చాడు. చెవి దగ్గర గుసగుసలాడాడు. "మీరు లేపొద్దు సాబ్. కిందికి కొట్టండి. లేపేది కర్ర."

సాబు కొట్టాడు. ముందు బంతి, ఆ వెనక చారెడు పచ్చిక లేచాయి. బంతి ఎన్నడూ లేవనంత పైకి లేచింది. గుంతలో పాతిన జెండా దాటింది. జెండా వెనక రత్నాబాయి ఇటు వీపు పెట్టి కూర్చుని ఉంది.

రాజలింగం నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. సంచి విసిరేసి పరుగెత్తాడు.

బంతి రత్నాబాయి చెవి వెనక తగిలింది. పక్కకు ఒరిగిన మనిషి తనంతట తానే లేచి కూర్చుంది. "ఏం గాలే తియ్. నువ్వున్నవ్ గద, ఒర్రలేదేంది?" అంది. అతను గొంతు మీద చెయ్యి పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. రత్నాబాయి అతని మొహం చాలాసేపు చూసింది. ఇంతలో మేస్త్రీ వచ్చి కేడీ కేకేశాడా అని గద్దించాడు.

"ఒర్రిండు. నాకే ఇనరాలే" అంది రత్నాబాయి.

కాదని చెప్పడానికి గుసగుస చాలు. రాజలింగం తల దించుకున్నాడు.

తిరుగు బస్సులో ఆమె తల పట్టుకుంది. దవాఖానకు పోదామని సైగ చేశాడు. "వద్దు. ఆడ ఎట్ల తగిలింది, ఎవరు కొట్టిండ్రు అని సవాల్ మీద సవాల్ అడుగుతరు. నీ కామ్ పోతది" అంది. కాసేపటికి మన స్టాప్ వచ్చిందా అని అడిగింది. అప్పటికి బస్సు ఇంకా క్లబ్బున్న చెంబూరైనా దాటలేదు. పెద్ద దవాఖాన గేటు కిటికీలోంచి కనబడింది. దిగాలి, దిగాలి అనుకుంటూనే కూర్చున్నాడు. గేటు వెనక్కి పోయింది.

రత్నాబాయి అతని భుజం మీద తల వాల్చింది. పదిమందిలో ఎన్నడూ అలా వాలని మనిషి. నిద్రపోనీ అనుకున్నాడు. మధ్యమధ్య ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. వెచ్చగానే ఉంది, వెచ్చగానే ఉంది. ఇల్లు దగ్గరపడి, బైకలా దాటాక మళ్లీ పెట్టాడు.

బస్సు ఆపమని అరవబోయాడు. గొంతు లేదు. ముందు సీటు రాడ్‌ను అరచేత్తో దబదబా బాదాడు. "ఏ బాబా, ఠోకూ నకో!" అని, బాదొద్దని కసిరాడు కండక్టరు.

చాల్ వరండాలో ఆడవాళ్లు రత్నాబాయి చుట్టూ చేరి గొంతెత్తి ఏడుస్తున్నారు. వీధి చివరిదాకా వినబడుతోంది. రాజలింగం గోడకు ఆనుకుని నోరు తెరిచి కూర్చున్నాడు. అతని చొక్కా భుజాన, ఆమె తల ఆనిన చోట, కొబ్బరినూనె మరక ఇంకా ఆరలేదు.