ఇరుసుకు పట్టిన పొగ

బుడ్డి వెలిగించి, మంట నిలకడ పడేదాకా ఊపిరి బిగబట్టి, ఆయన వత్తిని కొంచెం ఎగదోశాడు. మంట కొసన సన్నని నల్లని పాయ లేచింది. కొత్త ఇరుసు ఇంకా రాలేదు. అయినా పొద్దున తుపాకుల షాపుకి రాగానే బుడ్డి వెలిగించకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియదు.

బల్లమీద, వైసులో, పాత జంటగొట్టాల తుపాకీ బిగించి ఉంది. గొట్టాలు వంగి తెరుచుకునే చోట ఇరుసు అరిగిపోయి, మూసినా సందు కనిపిస్తోంది. అరిగిన ఆ ఇరుసును కుర్రతనంలో, అన్న పక్కన నిలబడి, ఆయనే అమర్చాడు.

అమర్చడమంటే ఇరుసుకు దీపం మసి పట్టించి, గొట్టాలు తగిలించి మూసి, విప్పి చూడాలి. ఎత్తుగా ఉన్నచోట మసి చెదిరి ఇనుము మెరుస్తుంది. ఆ మెరుపును మాత్రమే ఆకురాయితో రుద్ది తీయాలి. మళ్ళీ పొగ, మళ్ళీ మెరుపు. ఎక్కడా మెరుపు లేకుండా మసి అంతటా ఒకేలా పలచబడితే పని అయినట్టు. అన్న బాగుందని నోటితో ఎన్నడూ అనలేదు. బాగులేకపోతే ఆకురాయిని తిరిగి చేతిలో పెట్టేవాడు. ఒకే ఒక్కసారి తమ్ముడి చేతిలోంచి దాన్ని తీసుకుని బల్లమీద పక్కగా పడుకోబెట్టాడు. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు, సంతోషంతో.

నిన్న యజమాని, చిన్నప్పుడు ఈ బల్ల కిందే ఆడుకున్నవాడు, ఎటో చూస్తూ చెప్పాడు.

"పెద్దాయనా, రేపు మెషిన్ మీద తయారై వచ్చే ఇరుసుకి మీ ఆకురాయి అవసరమైతే బల్ల ఇక్కడే ఉంటుంది. లేదంటే ఈ జాగాలో రెండో మెషిన్ పెట్టేస్తాను. నూనె రాసి పెట్టెల్లో సర్దే పని మీకు ఉండనే ఉంది."

ఇంట్లో ఆ మాట చెబితే భార్య తువ్వాలు దులుపుతూ అంది: "బల్ల పోతే పోనీండి. ఆ బుడ్డిని మాత్రం ఇంటికి తేకండి. మీ చొక్కాల మసి ఉతికీ ఉతికీ నా చేతులు పోయాయి. అది గడప తొక్కిందా, నేను మా చెల్లెలింటికి పోతాను."

మెషిన్ నడిపే అమ్మాయి గాజు తలుపు తోసుకుని వచ్చింది. ఒకప్పుడు అక్కడే లేత్ తిప్పిన మనిషి కూతురు. గుడ్డలో చుట్టిన ఇరుసును ఆయన ముందు పెట్టింది.

"ఇదిగో బాబాయ్. చూసి తిట్టు."

"తిట్టడానికి ఏమైనా మిగిల్చావా?"

"అది నువ్వే వెతుక్కోవాలి," అని నవ్వి, మెషిన్ కూత పెడితే వెళ్ళిపోయింది.

ఆయన ఇరుసును పొగలో మెల్లగా తిప్పాడు. నలుపు పట్టుకుంది. దాన్ని అమర్చి, గొట్టాలు తగిలించి మూశాడు. విప్పి, కిటికీ వెలుగులోకి పట్టుకుని చూశాడు. మెరుపు లేదు. తుడిచి మళ్ళీ పొగ పట్టించాడు. ఈసారీ మసి తెల్లవారుజాము మబ్బులా అంతటా ఒకేలా పలచబడింది.

కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. ఇనుము కాస్త మొండికేయాలి, బతిమాలితే లొంగాలి. ఇన్నేళ్ళూ ఇనుముకీ ఆయనకీ మధ్య నడిచిన మాట అదే. ఈ ఇరుసుకు ఆయనతో మాటే అక్కర్లేదు.

ఆకురాయి తీసుకున్నాడు. దాని అంచు ఇరుసుమీద ఆనింది. ఒక్క రాపిడి చాలు, మెరుపు పుడుతుంది. ఇదిగో, ఇక్కడ పట్టేస్తోందని చూపించవచ్చు. బల్ల నిలుస్తుంది. అది అబద్ధమని పోల్చుకోగల కన్ను ఈ షాపులో ఒక్కటే ఉంది. ఆ కన్నుతోనే సాయంత్రం ఇంటికి వెళ్ళాలి, ఆ కన్నే తెరుచుకుని రేపు లేవాలి.

ఆకురాయిని ఎత్తి, బల్లమీద పక్కగా పడుకోబెట్టాడు.

"ఎక్కడ పట్టింది బాబాయ్?" అమ్మాయి వెనకనుంచి అడిగింది.

"ఎక్కడా పట్టలేదు."

"నన్ను బాధపెట్టడం ఎందుకని అంటున్నావా?"

"నీకోసం అబద్ధమాడేంత ముద్దేం లేదులే నీమీద. మూసి చూడు."

ఆమె మూసింది. పెదవులు కలిసినంత మెత్తగా చప్పుడయింది. ఆమె మొహం విప్పారింది. అంతలోనే పడుకోబెట్టిన ఆకురాయి కనబడి, ఆ నవ్వు ఆగిపోయింది.

"ఇంకో రెండు ఇరుసులు చూసి చెబుతామని అడగనా?"

"చూసినా ఇదే చెప్పాలిగా. వెళ్ళి ఉన్నది చెప్పమ్మా."

సాయంత్రం యజమాని వచ్చి బల్ల అంచు నిమురుతూ నిలబడ్డాడు.

"నూనె పని ఇంకెవరికైనా ఇవ్వు నాయనా," అన్నాడు ఆయన.

"రేపు ఒకసారి రండి."

"ఎందుకు?"

యజమాని బల్ల అంచు మీంచి చెయ్యి తీసేశాడు.

ఆకురాళ్ళను పాత గుడ్డలో చుట్టుకుని సంచిలో పెట్టుకున్నాడు. బుడ్డి వైపు చూశాడు. భార్య మాట గుర్తొచ్చి నవ్వుకున్నాడు. రోజూ వెళ్ళేముందు చేసే పనులేవో చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. తలుపు దగ్గర చెప్పులు తొడుక్కుని, వెనక్కి తిరగకుండా వీధిలోకి నడిచాడు.

అమ్మాయి లైట్లు ఆర్పబోతూ ఆగింది. బల్లమీద బుడ్డిలో అంచుదాకా కిరసనాయిలు ఉంది. వత్తి మర్నాటికి సమంగా కత్తిరించి ఉంది.